‘పుట్ట’కి ఒక ఆరోపం: పని డైరీ

పని ఏమిటంటే

మేం కొందరం కలిసి తయారుచేస్తున్న చిన్న తెలుగు నిఘంటువులో ‘జంతువుల ఇళ్లు’ అనే గుంపు నా వంతుకు వచ్చింది. కలుగు, బొరియ, పుట్ట, గూడు, తొర్ర, గుహ, ఇలాంటివన్నీ ఇందులోకే వస్తాయి. ఒక్కో మాటకీ అర్థాలు, ప్రయోగాలు, వ్యుత్పత్తి, సోదర భాషల్లో రూపాలు ఇవ్వాలి. నిఘంటువులో ఒక మాట కింద వచ్చే ఈ మొత్తాన్నే ఆరోపం అంటాం. వాడేది ఎక్కువగా హైస్కూలు పిల్లలు, వాళ్లకి పాఠం చెప్పే టీచర్లు. అందుకే ‘పుట్ట అంటే వల్మీకము, వల్మీకమంటే పుట్ట’ తరహా వివరణలు వద్దని ముందే గట్టిగా అనుకున్నాం. తెలియని మాట కోసం వచ్చినవాణ్ణి ఇంకో తెలియని మాట దగ్గరికి పంపించడం అన్యాయం.

గుంపులో ముందుగా పుట్టనే తీసుకున్నాను. దాని చుట్టూ ఉన్నన్ని సమాసాలు, పలుకుబళ్లు మిగతావాటికి లేవు. పైగా అది పుట్టడం అనే క్రియతో కలిసిపోయి కనిపిస్తుంది. ఆ చిక్కు విప్పాలని ఎప్పటినుంచో ఉంది.

స్ప్రెడ్‌షీట్ తిరగబడింది

బృందం పంపిన నమూనాలో మూడు నిలువు వరుసలు: జంతువు, ఇల్లు, గమనిక. ఎలుకకి కలుగు, పాముకి పుట్ట, పిచ్చుకకి గూడు, సింహానికి గుహ. మొదటి నాలుగు గళ్లూ చకచకా నిండిపోయాయి. ఆ తర్వాత ఆగిపోయింది. చిలుక పక్షే కదా, మరి దానిది తొర్ర. గుడ్లగూబదీ తొర్రే. సాలెపురుగుదీ గూడే, పట్టుపురుగుదీ గూడే. ఉడుము పుట్టలో ఉంటుంది, తొర్రలోనూ ఉంటుంది. నక్కకి ఏం రాయాలి? తెలుగు బైబిలులో ‘నక్కలకు బొరియలు’ ఉన్నాయి కాబట్టి ఆ గడి నిండింది, కానీ కుందేలుకీ బొరియే అంటాం, ఎండ్రకాయకీ బొరియే అంటాం.

ఎలుక దగ్గరైనా ఇబ్బంది ఉండదులే అనుకుని, ఖరారు చేసుకోవడానికి డెల్టాలో వ్యవసాయం చేసే మా పెదనాన్నకి ఫోన్ చేశాను.

“పెదనాన్నా, ఎలుక ఉండేదాన్ని మీరేమంటారు?”

“ఎక్కడి ఎలుకరా?”

“ఎక్కడిదైతే ఏముంది, ఎలుకే కదా.”

“అట్టా అంటే ఎట్టా? పొలం గట్టులోదైతే కలుగు. ఇంట్లో గోడ వారనుంటే కన్నం. కొట్లో బస్తాకి చేసింది బొక్క. ఎలుక ఒకటే, అది చేసిన పనిని బట్టి పేరు.”

ఆ చివరి ముక్కతో నా పట్టిక మొత్తం తిరగబడింది. ‘జంతువు’ వరుసని తీసుకెళ్లి చివర పెట్టాను. మొదటి వరుస మాట, రెండోది ‘ఎలా ఏర్పడింది’, మూడోది ‘ఎక్కడ’, అన్నిటికన్నా చివర ‘ఎవరుంటారు’. అప్పుడు గళ్లు వాటంతటవే నిండాయి. నేలని తవ్వుకుంటూ పోతే బొరియ. చెట్టు మానులో కుళ్లో, కొమ్మ విరిగో బోలు పడితే తొర్ర. పుల్లో పోగో తెచ్చి కడితే గూడు. రాతిలో సహజంగా ఉన్నది గుహ. మట్టిని పైకి తెచ్చి పెడితే పుట్ట.

దీన్ని ఇంకోవైపు నుంచి పరీక్షించడానికి ఒక్కో మాట పక్కన ఏ క్రియ వస్తుందో చూశాను. గూడు కడుతుంది, లేదా అల్లుతుంది. బొరియ తవ్వుతుంది. కన్నం వేస్తుంది, దొంగలు కూడా కన్నమే వేస్తారు. పుట్టని మాత్రం పెడతాయి. తొర్ర దగ్గర చేసేవాడే ఉండడు, తొర్ర పడుతుంది అంతే. గుహకి ఏ క్రియా లేదు, అది ఉంటుంది. తెలుగు ఈ మాటల్లో ఇంటి యజమాని పేరు కన్నా ఇల్లు తయారైన తీరునే దాచిపెట్టుకుంది. ఇది తేలాక మిగతా పనంతా ఈ దారిలోనే నడిచింది.

పశువుల దొడ్డి, కొట్టం, కోళ్ల గంప లాంటివి ఈ గుంపులోంచి తీసేశాను. అవి మనుషులు కట్టినవి, వేరే గుంపుకి వెళ్తాయి.

పుట్టకు, పుట్టకు

ప్రయోగాల వేట. స్కాన్ చేసిన పాత పుస్తకాలని మెషీన్ చదివిన పాఠాల్లో ‘పుట్ట’ అని కొడితే వచ్చిపడినవాటిలో మూడొంతులు ‘పుట్టు’ క్రియ రూపాలే: పుట్టగానే, పుట్టలేదు, పుట్టని, పుట్టక. వీటన్నిటికన్నా చికాకు పెట్టింది ‘పుట్టకు’. ‘నాగులచవితినాడు పుట్టకు పాలు పోశారు’ అంటే నామవాచకం. ‘వచ్చే జన్మలో ఈ ఇంట్లో పుట్టకు’ అంటే క్రియ. అక్షరం తేడా లేదు. మెషీన్‌కే కాదు, సగం వాక్యం చూపిస్తే మనిషికీ తెలియదు.

గూడుతో ఈ బాధ లేదు. విభక్తి ముందు గూటి అని మారుతుంది, ‘గూటిలో’, ‘గూటికి’ అని వెతికితే చాలు. పుట్ట ఎక్కడా మారదు. అందుకని క్రియకి అతకని రూపాల చిన్న జాబితా రాసుకున్నాను: పుట్టలో, పుట్టలోంచి, పుట్టమీద, పుట్టలు, పుట్టల. వీటితో వెతికితే చెత్త చాలావరకు పోయింది.

తొర్ర విషయంలో ఇంకో రకం గొడవ. పాత నిఘంటువుల్లో అది బండి ఱతో ‘తొఱ్ఱ’. 1885 నాటి శబ్దరత్నాకరంలో గానీ, సూర్యరాయాంధ్ర నిఘంటువులో గానీ ఇప్పటి రాతతో వెతికితే దొరకదు. స్కాన్ చదివే మెషీన్లు ఈ ఱని ఒకచోట అలాగే ఉంచుతాయి, ఇంకోచోట మామూలు ర చేస్తాయి, మరోచోట గుర్తుపట్టక చుక్క పెడతాయి. పాత పుస్తకాలతో పనిచేయబోయేవాళ్లు రెండు రాతలతోనూ వెతకడం అలవాటు చేసుకోవాలి.

పుట్టకి దొరికిన ప్రయోగాల్లో అందరికీ తెలిసిన సుమతీ శతకం పద్యమే అన్నిటికన్నా పనికొచ్చింది. ‘చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు’. పామరుడు కూడబెట్టిన బంగారం రాజు పాలవుతుందని చెప్పడానికి కవి వాడుకున్న పోలిక ఇది. పెట్టేది ఒకరు, ఉండేది ఇంకొకరు అన్న తేడా మీదే పద్యం మొత్తం నిలబడింది. పుట్ట అంటే పాము ఇల్లు అని మాత్రమే రాస్తే ఈ పద్యం పిల్లలకి అర్థం కాదు. ‘పెట్టిన’ అన్న క్రియ కూడా ఇక్కడ సరిగ్గా కూర్చుంది.

కన్నడం తీర్చిన తగువు

ఇక వ్యుత్పత్తి. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (మొదటి కూర్పు 1961, సవరించిన కూర్పు 1984) తెరిచాను. ఇంగ్లీషులో ‘బరో’ అంటే బొరియ. జంతువుల ఇళ్ల మీద పనిచేస్తూ బొరియ అనే ఇంటిపేరున్న పెద్దాయన పుస్తకం తిరగేయడం నాకు భలే నవ్వొచ్చింది. బృందంలో మిగతావాళ్లకి అంతగా రాలేదు.

పుట్టకి సోదర రూపాలు ఇవి: తమిళంలో పుఱ్ఱు, మలయాళంలోనూ అదే, పాత కన్నడంలో పుత్తు, ఇప్పటి కన్నడంలో హుత్త, తుళులో పుంచ. మొదటి అక్షరం ప కన్నడంలో హ కావడం మామూలే. మన పాలు వాళ్లకి హాలు, పులి హులి, పువ్వు హూవు. ఆసక్తి అంతా మధ్యలో ఉన్న జంట హల్లులో ఉంది.

ఈ భాషలన్నిటికీ మూలమైన పాత భాషలో, అంటే మూల ద్రావిడంలో, త్త కాకుండా, ట్ట కాకుండా మధ్యరకం ధ్వని ఒకటి ఉండేది. త్త అనడానికి నాలుక కొన పళ్లకి తగులుతుంది, ట్ట అనడానికి వెనక్కి మడతపడుతుంది. ఈ మూడోది పలకాలంటే పళ్ల వెనక చిగురు దగ్గర ఆనించాలి. మలయాళం మాట్లాడేవాళ్లు ఇప్పటికీ దాన్ని శుభ్రంగా పలుకుతారు. తమిళం రాతలో జంట ఱగా నిలుపుకుంది. కన్నడం ముందుకి జరిపి త్త చేసింది. మనం వెనక్కి లాగి ట్ట చేశాం.

ఇది ఒక్క పుట్టకే జరిగి ఉంటే కాకతాళీయం అనుకోవచ్చు. తమిళం ‘చుఱ్ఱు’, కన్నడం ‘సుత్తు’, తెలుగు ‘చుట్టు’. తమిళం ‘పఱ్ఱు’, కన్నడం ‘హత్తు’, తెలుగు ‘పట్టు’. వరసగా అదే తంతు. ‘నెత్తి’ మాత్రం మొండికేసింది. తమిళంలో నెఱ్ఱి, కన్నడంలో నెత్తి. ఈ లెక్కన మనకి ‘నెట్టి’ రావాలి, కానీ మనదీ నెత్తే. గమనిక గడిలో రాసి పెట్టాను, పుట్ట ఆరోపంలోకి తేలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. ‘నేలలోంచి పుట్టింది కాబట్టి పుట్ట’ అని చాలామంది చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. పుట్టడం అనే క్రియకి కన్నడంలో ఏముందో చూశాను: హుట్టు. మనకీ ట్ట, వాళ్లకీ ట్ట. అంటే ఆ క్రియలో మొదటినుంచీ ఉన్నది ట్టనే. కన్నడంలో హుట్టు అంటే జన్మించడం, హుత్త అంటే పాముండే పుట్ట. రెండూ నేటికీ విడివిడిగా వినిపిస్తాయి. తెలుగులో మాత్రం ఆ మధ్యరకం ధ్వని వచ్చి ట్టలో కలిసిపోవడంతో ఎక్కడెక్కడివో రెండు మాటలు ఒక్కలా తయారయ్యాయి. తెలుగు ఒక్కటే పట్టుకు కూర్చుంటే ఈ తగువు ఎప్పటికీ తేలేది కాదు. పక్క భాషని పిలిచి అడిగితే ఒక్క మాటలో తీర్చేసింది.

తెలుగు, తమిళం, కన్నడం మాటలని ఇలా పక్కపక్కన పెట్టి చూసే పద్ధతికి రెండు వందల ఏళ్లు దాటాయి. 1816లో క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఎల్లిస్ దొర రాసిన వ్యాసంలో, తెలుగు సంస్కృతం నుంచి రాలేదని చూపించడానికి ఇలాంటి మాటల పట్టికలే వాడాడు.

‘పుట్టెడు దుఃఖం’లో ఉన్నదీ ఈ పుట్ట కాదు. అది పుట్టి అనే ధాన్యపు కొలత, ఇరవై తూములు. ఆరోపం కింద ‘చూడకూడనివి’ అని ఒక చిన్న వరుస పెట్టి ఈ రెండింటినీ అందులో వేశాను.

జేసీబీ కోసిన పుట్ట

ఆరోపానికి ఒక ఫొటో కావాలి. రోడ్డు వెడల్పు చేయడానికి జేసీబీ గీరేసిన గట్టు ఒకటి ఉందని తెలిసి పొద్దున్నే వెళ్లాను. గట్టుతోపాటు ఒక పుట్ట కూడా నిలువునా సగం తెగి ఉంది. బొమ్మల్లో చూపించే అడ్డుకోత అన్నమాట.

పైపొర రెండు జానల మందాన ఉంది. కారు తాళంచెవితో గీకితే గీత కూడా సరిగ్గా పడలేదు. చెదలు మట్టిరేణువులని లాలాజలంతో తడిపి అతికిస్తాయి, ఎండితే అది సిమెంటులా గట్టిపడుతుంది. లోపల మాత్రం అంతా గదులు. ఒక పెద్ద గదిలో గోధుమరంగు స్పాంజి లాంటి ముద్ద కనిపించింది. అది బూజుతోట. నమిలి వదిలిన పుల్లా ఆకూ పేర్చి, దాని మీద ఒక రకం శిలీంధ్రాన్ని చెదలే పెంచుతాయి. దగ్గరగా వంగి చూస్తే ముద్ద మీద గసగసాలంత తెల్లటి ఉండలు. చెదలకి పుల్లని అరిగించిపెట్టేది ఆ శిలీంధ్రమే. వానలు పడ్డాక పుట్ట మీద గొడుగులా లేచేదీ అదే.

ఫొటోలు తీస్తుండగానే పని చేసే చెదలు తెగిన అంచుల దగ్గరికి వచ్చేశాయి. ఒక్కోటి తడి మట్టి పలుకు తెచ్చి అంచున ఒత్తి వెనక్కి వెళ్లిపోతోంది, దాని వెనకే ఇంకోటి. నేను బయల్దేరేసరికి చిన్న కన్నాలు కొన్ని పూడిపోయాయి కూడా. చెదలు బతికున్నంత కాలం పుట్టకి పడ్డ పగులుని అలా వదిలేయవు. పాములు చేరేది ఎక్కువగా చెదలు వదిలేసిన పాత పుట్టల్లోనూ, ఎలుకలు తవ్వి పెద్దవి చేసిన కన్నాల్లోనూ.

పాముకి తవ్వడానికి కాళ్లు లేవు, గోళ్లు లేవు. దొరికిన కన్నంలో దూరడమే. పుట్ట లోపల వేసవిలోనూ చల్లగా, చెమ్మగా ఉంటుంది. గుడ్లు ఎండిపోకుండా ఉండడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. ఉడుమూ అందుకే చేరుతుంది. ఒంటినిండా పొలుసులుండే అలుగు, ఎలుగుబంటి మాత్రం ఉండడానికి రావు, చెదల్ని తినడానికి పుట్టనే పగలగొడతాయి. పాత తమిళ సంగం కవితల్లో కూడా ఎలుగుబంటి పుట్ట తవ్వుతూ కనిపిస్తుంది. తొలకరికి పుట్టలోంచి రెక్కలతో లేచే ఉసిళ్ల ముచ్చట కూడా అక్కడుంది.

చీమలా, చెదలా అన్నది ఇంకో ప్రశ్న. భాష చీమలపుట్ట అంటుంది, శతకమూ చీమలనే అంటుంది, ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా’ అన్నదీ చీమే. మనిషెత్తు పుట్టలు పెట్టేది మాత్రం చెదలు. చెదలని తెల్లచీమలు అన్నా అవి చీమల జాతి కాదు, బొద్దింకలకి దగ్గరి చుట్టాలు. నిఘంటువు భాషని దిద్దకూడదు, అలాగని జీవశాస్త్రాన్ని తప్పుగానూ చెప్పకూడదు. అందుకని ‘చెదలు, చీమలు’ అని రెండూ పెట్టి, పెద్దవి చెదలవని గమనిక ఇచ్చాను.

వల్మీకం సంగతి

అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువులో పుట్టకి మూడు మాటలు వరసగా ఉన్నాయి: వామలూరం, నాకువు, వల్మీకం. మొదటి రెండూ తెలుగులో పద్యాలు దాటి బయటికి రాలేదు. మూడోది వాల్మీకి పేరు వల్ల అందరికీ తెలుసు. చుట్టూ పుట్ట లేచిపోయినా కదలకుండా తపస్సు చేశాడని కథ. వేదభాషలో ‘వమ్రి’ అంటే చీమ. వల్మీకాన్ని దానితో ముడిపెడతారు. పాళీలో ఇది వమ్మిక, ఆ పేరుతో బౌద్ధ సూత్రం కూడా ఒకటుంది. సంస్కృతం మాటలో పుట్ట పెట్టిన పురుగు ఉందనుకుంటే, అక్కడా పాము లేదు. నా పట్టిక వాదానికి ఇది బలమే.

పక్కనే ‘గుహ’ని కూడా చూసేశాను. దాని ధాతువుకి అర్థం దాచడం. నిగూఢం, గుహ్యం అన్నీ ఆ ఇంటివే. దాక్కునే చోటు అన్నమాట, ఎవరు దాక్కుంటారో చెప్పదు.

పుట్టలో దేవుడు వెలిసిన కథలు ఆరోపంలోకి రావు గానీ, ప్రయోగాల ఫైలులో ఉంచాను. శ్రీనివాసుడు పుట్టలో ఉంటే ఆవు వచ్చి పాలు కురిసిన కథ మనకి తెలిసిందే. తమిళనాడులో తిరువారూరు శివుడి పేరే ‘పుఱ్ఱిడంకొండార్’, పుట్టని చోటుగా చేసుకున్నవాడు. బ్రహ్మోత్సవాలకి ముందు అంకురార్పణకి తెచ్చేది కూడా పుట్టమన్నే.

ఏ అర్థం ముందు?

ముసాయిదా పంపగానే బృందంలో ఉన్న తెలుగు టీచరు ఫోన్ చేశారు.

“అండీ, మొదటి అర్థంలో చెదలు పెట్టారేంటి? పుట్ట అనగానే మా పిల్లలు పాము అంటారు. అది ముందు ఉండొద్దా?”

“ఉండొచ్చు మేడమ్. కానీ పాము లేని పుట్టని కూడా పుట్టే అంటాం కదా. చెదలో చీమలో పెట్టని పుట్టని చూపించగలమా?”

“నిజమే. అయినా చవితినాడు పాలు పోసేది చెదలకి కాదుగా!”

ఆవిడ మాటలోనూ న్యాయముంది. వాడుకలో ఎక్కువగా వినిపించే అర్థాన్ని ముందు పెట్టే నిఘంటువులూ ఉన్నాయి, పుట్టుక వరసలో పెట్టేవీ ఉన్నాయి. చివరికి కుదిరిన ఒప్పందం: మొదటి అర్థం నిర్మాణం గురించే, దాని కింద మొదటి ఉదాహరణ మాత్రం నాగులచవితిది. నన్నడిగితే ఇది రాజీ కాదు, సరైన పద్ధతే. అర్థం తర్కాన్ని బట్టి నడవాలి, ఉదాహరణ పిల్లలకి దగ్గరగా ఉండాలి.

ఆవిడకి గిరినాగు (కింగ్ కోబ్రా) సంగతి కూడా చెప్పాను. పాముల్లో గుడ్ల కోసం ఆకులు పోగుచేసి గూడు కట్టేది అదొక్కటే. అక్కడ పాముకి పుట్ట లేదు, గూడుంది. ఆవిడకి అది నచ్చి, గూడు ఆరోపం కింద ఉదాహరణగా పెట్టమన్నారు. పెట్టాను.

సమాసాలు, పలుకుబళ్లు

పుట్టగొడుగు గొప్ప మాట. మొదట నిజంగా పుట్ట మీద లేచే గొడుగే. తర్వాత గడ్డివాము మీద లేచినా, కుళ్లిన దుంగ మీద లేచినా అదే పేరు. ఇప్పుడు షెడ్డులో ప్లాస్టిక్ సంచుల్లో పెంచేవాటినీ పుట్టగొడుగులే అంటున్నాం, అక్కడ పుట్ట జాడ కూడా లేదు. ‘పుట్టగొడుగుల్లా’ అన్న పోలిక వానకి రాత్రికి రాత్రి లేచిపోవడం నుంచి వచ్చింది.

పుట్టకురుపు దగ్గర ఆగాల్సి వచ్చింది. క్యాన్సర్‌కి తెలుగులో రాచపుండుతోపాటు వినిపించే పాతమాట ఇది. తమిళంలో ఇప్పటికీ ఆసుపత్రి బోర్డుల మీద కనిపించే మాట ‘పుఱ్ఱునోయ్’, అక్షరాలా పుట్టజబ్బు. సుశ్రుత సంహిత అనే పాత వైద్యగ్రంథంలో కూడా గడ్డలాగా లేచే ఒక వ్యాధికి వల్మీకమనే పేరుంది. పైకి కనిపించేది చిన్న దిబ్బ, లోపల మాత్రం ఎన్ని దారులు తీసిందో తెలియదు. ఆ తెగిన పుట్టని చూశాక ఈ పేరు ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఇక ‘అబద్ధాల పుట్ట’, ‘అనుమానాల పుట్ట’, ‘రోగాల పుట్ట’. ఈ అర్థానికి వ్యాకరణం కూడా వేరు. ముందు ఎప్పుడూ బహువచనం, ‘ల’తో. అబద్ధపు పుట్ట అనం. పైగా ఎక్కువగా చెడ్డవాటికే వాడతాం. విజ్ఞానం అయితే గని అవుతుంది, అబద్ధాలైతే పుట్ట అవుతాయి. ఈ గమనిక పాత నిఘంటువుల్లో నాకు కనిపించలేదు గనక నిడివి పెరిగినా ఉంచేశాను. ‘చెట్లూ పుట్టలూ పట్టుకు తిరగడం’లో అర్థం వేరు, అక్కడ చెట్టుతో కలిసి అడవి, ఊరి బయటి నేల అనే అర్థం వస్తుంది. దానికి విడిగా ఒక వరుస.

ఖరారైన పాఠం

ప్రస్తుతానికి ఇలా ఉంది:

పుట్ట (దేశ్యం, నామవాచకం, బహువచనం పుట్టలు). 1. చెదలు, చీమలు నేల కింది మట్టిని పైకి తెచ్చి పెట్టిన దిబ్బ. ఎత్తయినవి చెదలు పెట్టినవి. ‘నాగులచవితికి పుట్టలో పాలు పోశారు.’ ‘పొలం గట్టున మనిషెత్తు పుట్ట లేచింది.’ 2. ఆ దిబ్బలోని కన్నం. పాము, ఉడుము వంటివి చేరి ఉండే చోటు. ‘పాము పుట్టలో దూరింది.’ 3. (బహువచనం తర్వాత) ఒకదానితో నిండిపోయిన మనిషి లేదా వస్తువు, ఎక్కువగా చెడ్డవాటికి. ‘వాడు అబద్ధాల పుట్ట.’ 4. (చెట్టుతో కలిపి) ఊరి బయటి నేల, అడవి. ‘చెట్లూ పుట్టలూ తిరిగొచ్చాడు.’ సమాసాలు: పుట్టమన్ను, పుట్టగొడుగు, పుట్టకురుపు. సోదర రూపాలు: తమిళం పుఱ్ఱు, కన్నడం హుత్త, తుళు పుంచ. ‘పుట్టు’ క్రియతో, ‘పుట్టి’ కొలతతో సంబంధం లేదు.

రెండో అర్థంలో ‘చేరి ఉండే’ అన్న మాట కోసం కాస్త పట్టుబట్టాను. ‘నివసించే’ అని దిద్ది పంపారు, నేను మళ్లీ మార్చాను. నివసించడంలో ఇల్లు తనదే అన్న ధ్వని ఉంది. పాము చేరుతుంది.

వరసలో తర్వాతది

కలుగు. దీనికీ క్రియ పోటు ఉంది: మేలు కలుగు, కోపం కలుగు. అయితే ‘కలుగులో’, ‘కలుగులోంచి’ అని వెతికితే క్రియ రాదు, ఎలుకే వస్తుంది. కలుగులో పొగబెట్టి ఎలుకని బయటికి రప్పించే మాటలు రాజకీయ వార్తల్లో బోలెడు దొరుకుతున్నాయి. అసలైన పొగ గురించి, ఊదర పెట్టే కుండ గురించి పెదనాన్నని అడగాలి. పందికొక్కు గురించి ఒక పెట్టె కూడా పెడదామని ఉంది. ఇంగ్లీషు వాళ్ల ‘బ్యాండికూట్’ మన పందికొక్కే కాబట్టి పిల్లలు సరదాగా చదువుతారు. టీచరు మేడమ్ మాత్రం ముందు కలుగు, కన్నం, బొక్క మూడింటికీ తేడా తెలిసేలా బొమ్మ వేయించమంటున్నారు. గట్టు, గోడ, బస్తా, మూడు బొమ్మలు. మూడింట్లోనూ ఒకటే ఎలుక.